ఆంటీ చేతుల మీద వేసిన నింద

ఆరేళ్ళుగా మోస్తున్నాను. ఎక్కడా దింపుకోలేకపోయాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను.

ఈ దేశమొచ్చాక మేముంటున్న నేపర్‌విల్‌లో ఒక జపనీస్ టీచర్ తన బేస్‌మెంట్‌లో చాపలు పరిచి, వాళ్ళ పద్ధతిలో టీ ఇవ్వడం, పుచ్చుకోవడం నేర్పేవారు. ఆఫీసు విసుగు భరించలేక చేరాను. పక్కింటి రత్న ఆంటీని కూడా లాక్కెళ్ళాను. అంకుల్ పోయాక ఆవిడ గడప దాటడం మానేశారు. ఆ శనివారాల కోసమే మళ్ళీ ఇస్త్రీ చీర కట్టసాగారు.

టీ తాగే గిన్నె ముట్టుకునే ముందు ఉంగరాలూ గాజులూ తీసేయాలి. అవి పాత గిన్నెలు, గీత పడకూడదు. ఆంటీ తనవి తీసి పర్సులో వేసుకునేవారు. నేనూ తీసేదాన్నే. ఆ రోజు మాత్రం మా ఆయన విమానంలో ఉన్నారు. మనిషి ఆకాశంలో ఉండగా చేతులు బోసిగా ఎలా ఉంచుకోను? ఇంత చదువు చదివి ఏం లాభం! గాజులు పైకి తోసి స్వెటర్ చేతులు దించేశాను.

అందరూ ఒకే గిన్నెలో తాగే టీ అది. నేను తాగి అంచు తుడుస్తుంటే గాజు జారి తగిలింది. చిన్న పెచ్చు లేచింది. అది టీచర్ వాళ్ళ అమ్మమ్మ గిన్నె. ఆ పెచ్చు కనపడకుండా తిప్పి ఆంటీకి అందించాను. తాగాక ఆవిడే చూశారు. మొహం పాలిపోయింది. ఆవిడ చేతులు అప్పటికే కొద్దిగా వణికేవి. టీచర్ గిన్నె లోపలికి తీసుకెళ్ళారు.

కారులో ఆంటీ అడిగారు. "ఏమ్మా, నువ్వు పక్కనే ఉన్నావు కదా. నేనే ఎక్కడో తగిలించానా? నిజం చెప్పు."

"ఏమో ఆంటీ, అయ్యుండొచ్చు. మీరేం ఫీలవకండి, యాక్సిడెంట్ కదా."

ఫీలవకండట! ఎంత మంచిదాన్నో చూడండి.

మళ్ళీ ఆవిడ క్లాసుకి రాలేదు. టీచర్ స్వయంగా ఫోన్ చేసినా రాలేదు. నిన్న వాళ్ళింటికి వెళ్ళాను. కాఫీ కలిపి కప్పు గట్టు మీదే ఉంచి, "నువ్వే తీసుకోమ్మా, నా చేతుల సంగతి తెలుసుగా" అని నవ్వారు. అప్పుడైనా చెప్పొచ్చుగా? ఇన్నేళ్ళు ఎందుకు చెప్పలేదని అడిగితే ఏమనాలో తెలియక, కాఫీ బావుందన్నాను.

గిన్నె పాడు చేసింది నేను. ఆంటీ చేతుల తప్పేమీ లేదు. ఆవిడకి చెప్పాల్సిన మాట మీకు చెప్పాను. మీరు క్షమించినా అది చెల్లదని తెలుసు. అయినా రాశాక కాస్త ఊపిరాడుతోంది, అందుకూ సిగ్గుగానే ఉంది.