గట్లనే బిడ్డా

ఎడపల్లిల పసుపు పండించే అవ్వ ఒకామె ఉండేది. ఎండవెట్టిన పసుపు కొమ్మును దవడకు ఆనిచ్చి ఫట్టున విరిచేది. ఇంకా తడి ఉందో లేదో చెప్పేది. ఒక్కసారి గూడ తప్పలేదు.

జిల్లాల చిన్న పరిశ్రమలు పెంచే ప్రణాళిక రాసే పని మాది. విరిగే చప్పుడు విని తడి చెప్పే యాప్ చేద్దాం, దాంతోటి ఊరూర పసుపు పట్టే యూనిట్లు పెట్టిద్దాం అనుకున్నం. మూడు రోజులు ఆమె పక్కన ఫోన్ పెట్టి చప్పుళ్లు రికార్డు చేసినం.

"చప్పుడును బట్టే చెప్తున్నవు కదా, అవ్వా?"

"గట్లనే బిడ్డా."

"ఊర్లె యూనిట్ పెడితే మంచిదే కదా?"

"గట్లనే బిడ్డా."

ఆఖరి రోజు ఆమె కోడలు చాయ్ ఇచ్చుకుంట అన్నది: "ఊకె అడుగుతున్నరు గని సార్, మా అత్తకు చెవులు ఇనబడక పదేండ్లాయె."

అవ్వ నా మొఖం చూసి నవ్వి, ఒక కొమ్మును నా దవడకు ఆనిచ్చి విరిచింది. ఎముక అదిరింది.

"గిట్ల తెలుస్తది," అన్నది.

ప్రణాళిక మొదటి పేజీ అప్పటికే పై ఆఫీసుకు పంపేసినం. అందుల 'రైతులను అడిగి తయారుచేసినది' అని ఉంది.

మేం అడిగింది ఆ ఒక్క అవ్వనే.