అక్క కాచిన నెయ్యి

మా అమ్మాయి పురుడై ఇప్పుడు వేలూరులో మా ఇంట్లోనే ఉంది. మొన్న పథ్యం అన్నంలో నేను కాచిన నెయ్యి వేశాను. ఒక ముద్ద తిని, కంచం కాస్త పక్కకు జరిపి, "అమ్మా, గుడియాత్తం పెద్దమ్మ నెయ్యి తెప్పించవా?" అంది. కన్నది నేను, పథ్యం వండేది నేను, నెయ్యి మాత్రం పెద్దమ్మది కావాలట. నాకు ఒళ్ళు మండింది. ఈ మంట కొత్తదేమీ కాదు.

పెద్దమ్మంటే నా పెద్ద తోటికోడలు, మా బావగారి భార్య. నేను అక్కా అని పిలుస్తాను. గుడియాత్తంలో అందరం ఒకే ఇంట్లో ఉన్న రోజుల్లో ఇద్దరం ఒకే వంటింట్లో మసిలాం. అదే గేదె, అదే మీగడ, అదే కవ్వం. ఆమె కాస్తే నెయ్యి పూస కట్టేది, నేను కాస్తే నూనెలా జారిపోయేది. మొదట్లో నేను మీగడ మరీ ఎక్కువ రోజులు దాచి చిలికితే ముక్కవాసన కొట్టింది. మా అత్త వెన్నను చల్లటి నీళ్ళలో, ఆ నీళ్ళ తెల్లదనం పోయేదాకా కడగమంది, వాసన పోయింది. ఇంకోసారి వేడిమీదే మూత పెట్టాను. ఆవిరి చుక్కలై లోపలికి కారి నెయ్యి చెడింది. ఆ తప్పూ దిద్దుకున్నాను. పూస మాత్రం రాలేదు. ఎందుకు రాలేదో నాకు తప్ప వీధి మొత్తానికి తెలుసు. దించిన గిన్నెను నేను వదిలితే కదా! గుడ్డ తీసి తొంగిచూడటం, పక్కకు వంచడం, గరిటె పెట్టి కెలకడం. "దాన్ని నిమ్మళంగా ఉండనియ్యే! ఊరికే కదిలిస్తా ఉంటే పూస యాడ కడతాది?" అని అత్త అరిచేది. అక్క మాత్రం గిన్నెను ఒక మూలన పెట్టి, పల్చటి గుడ్డ కప్పి, ఎదురింటికి కబుర్లకు పోయేది. తిరిగొచ్చేసరికి ఇసుక పోసినట్టు పూస. "మణల్ మణలా ఉండాది, అబ్బా!" అని ఇరుగుపొరుగువాళ్ళు ఇసుకకు అరవం మాట కలిపి మెచ్చుకుంటుంటే నేను గిన్నెల మీద కసి తీర్చుకుంటూ అంట్లు తోమేదాన్ని.

పోనీ అది నెయ్యితో ఆగిందా? దించే ముందు నేతిలో గుప్పెడు మునగాకు వేస్తాం. పెళపెళలాడే ఆ ఆకు కోసం పిల్లలు కొట్టుకుంటారు. నా కూతురు నా పొయ్యి దగ్గరికి రాకుండా అక్క కొంగు పట్టుకుని నిలబడేది. చివరికి అత్త తీర్పు చెప్పేసింది. "నేతికి చెయ్యి మార్చకూడదు. పెద్దదాని చేతికి కుదిరింది, దాని చేతిలోనే ఉండనీ." చెయ్యి మారిస్తే పాడి తగ్గుతుందని మావాళ్ళ నమ్మకం. ఇళ్ళు వేరయ్యాయి, అత్త పోయింది, నేను వేలూరు చేరాను. నేతి జాడీ మాత్రం అక్క దగ్గరే ఉండిపోయింది.

కూతురి మాట కాదనలేక గుడియాత్తం బస్సెక్కాను. దారిలో కే.వి.కుప్పం దాటేదాకా అక్కను మనసులో తిట్టుకుంటూనే ఉన్నాను. నన్ను చూడగానే ఆమె వెన్న పొయ్యి మీద పెట్టింది. తర్వాత వంటింటి తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి, "ఏమ్మే, ఎవురికీ చెప్పొద్దు. పోయినేడు జొరం వచ్చినప్పటినుంచి నా ముక్కుకు ఏ వాసనా తెలీదు. అప్పుడప్పుడూ నెయ్యి మాడిపోతా ఉండాది. ఇది బాలింతకు పోయే నెయ్యి. ఎప్పుడు దించాల్నో నువ్వు చెప్పు" అంది.

నిజం చెబుతున్నాను, ముందు నాకు సంతోషమే కలిగింది. కాసేపు నోరు మూసుకుంటే చాలు, ఇన్నేళ్ళ పేరు మాడి మసైపోతుంది. చిటపటలు సద్దుమణిగాయి. మునగాకు పెళుసెక్కింది. ఆ తర్వాత పాకానికీ మాడుకూ మధ్య ఉండే చిన్న సందు ముక్కుకే తెలుస్తుంది. అక్క పొయ్యి వంక చూడటం లేదు, నా మొహమే చూస్తోంది. అంత పెద్దమనిషి అలా చూస్తుంటే పొయ్యి మీదికి వంగి వాసన పట్టాను. కమ్మటి వాసన గుప్పుమంది. "దించక్కా" అన్నాను.

గిన్నెను మూలన పెట్టి గుడ్డ కప్పింది. నా చెయ్యి అలవాటుగా గుడ్డ మీదికి పోయింది. చటుక్కున ఒక దెబ్బ వేసి, "రా, ఎదురింటికి పోదాం" అంది. ఈసారి ఇద్దరం కలిసే పోయాం.

మర్నాడు నా కూతురు ఆ నెయ్యి కలిపిన ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. "చూసినావా అమ్మా, నెయ్యంటే ఇదీ! ఈ వాసన నీ నేతికెప్పుడొస్తాదో?" ఇంకో చెంచా నెయ్యి దాని అన్నంలో వేశాను. అంతలో అక్క ఫోను. "పిల్లకు నచ్చిందా?" అని భయంభయంగా అడిగింది. "నీ చెయ్యి నీదే అక్కా" అన్నాను, పళ్ళు కొరుక్కుంటూ. ఇన్నేళ్ళు ఊరించి ఊరించి, ఆ జాడీలో నాకూ ఒక వాటా ఇచ్చింది కాలం, ఎవరికీ చెప్పుకోలేని వాటా.