యశోద ఆంటీ తనదన్న నోటు పుస్తకం

సిడ్నీ శివారు పారమట్టాలో మా ఆఫీసు అంతస్తులో చిన్న వంటగది ఉంది. మొన్న మధ్యాహ్నం ఎవరో అక్కడ డబ్బా మూత తీసి మైక్రోవేవ్‌లో పెట్టారు. పెసరపప్పు, గుమ్మడికాయ, అందులో సెలెరీ అనే ఇక్కడి ఆకుకూర కాడలు. పప్పులో సెలెరీ వేసే మనిషిని అంతకుముందు ఒక్కరినే చూశాను. వాసన తగలగానే టీ కప్పు అక్కడే వదిలేసి బయటికి వచ్చేశాను. ముఖమంతా వేడెక్కింది. సిగ్గుతో అలా అవుతుందని నాకు ఇప్పుడు బాగా తెలుసు.

ఆ మనిషి యశోద ఆంటీ. ఖమ్మం నుంచి వచ్చి కాన్‌బెరాలో, హారిసన్‌లో స్థిరపడ్డారు. ఏళ్ల తరబడి వృద్ధుల సంరక్షణాలయంలో నర్సుగా చేశారు. ఒక ధ్యాన శిబిరంలో నేను ఆమె దగ్గర్లో ఉన్నది మొత్తం మీద ఏడు రోజులు. ఆ ఏడు రోజుల్లో ఆరు రోజులు మాట్లాడకూడదన్న నియమంలోనే గడిచాయి.

నేను చదివింది కామర్స్ డిగ్రీ. మిగతా చదువంతా లైబ్రరీదే. మనసు గురించి, శ్వాస గురించి, అలసట గురించి అక్కడున్న పుస్తకాల్లో నేను ఇంటికి తెచ్చుకోనిది లేదని గర్వంగా చెప్పుకునేదాన్ని. బీమా కంపెనీలో ఫిర్యాదుల ఫోన్లు తీయడం నా ఉద్యోగం. మూడేళ్లు గడిచాక ఒక ఉదయం స్టేషన్‌లో రైలు తలుపు తెరుచుకుంటే ఎక్కలేకపోయాను. తర్వాతి రైలూ అంతే. మూడోది వెళ్ళిపోయాక ప్లాట్‌ఫామ్ మీద బెంచీలో కూర్చుని ఏడ్చాను. డాక్టరు సెలవు రాసిచ్చింది. అన్ని పుస్తకాలు చదివీ ఇలా అయ్యానంటే ఇంకా సరిపడా చదవలేదని అనుకున్నాను. అలా సిడ్నీకి రెండు గంటల దూరంలో, కొండల్లో జరిగే పది రోజుల మౌన ధ్యాన శిబిరానికి పేరు ఇచ్చాను.

అక్కడ మాట్లాడకూడదు, ఒకరి ముఖంలోకి ఒకరు చూడకూడదు, చదవకూడదు, రాయకూడదు. నియమం తప్పితే ఇంటికి పంపేస్తారు. ఫోన్ అప్పగించాను గానీ నోటు పుస్తకాన్ని స్వెట్టర్ మడతలో దాచుకున్నాను. రాసుకోనిదేదీ నేర్చుకున్నట్టు అనిపించదు నాకు. ఒకరు చెప్పకుండా సొంతంగా చదువుకున్నవాళ్ళకు ఉండే జబ్బేమో అది.

మౌనం మొదలయ్యే ముందు సాయంత్రం వంటగదిలో వెలుతురు చూసి లోపలికి వెళ్ళాను. శిబిరంలో జీతం లేకుండా వంట సేవ చేసే యశోద ఆంటీ గుమ్మడికాయ తరుగుతున్నారు.

“ఏ ఊరు బిడ్డా?”

“తణుకు దగ్గర, ఆంటీ.”

“గోదారోళ్ళా! అయితే మా వంట నీకు నచ్చదు పో. కారం లేదు, ఉప్పు తక్కువ, పైగా సెలెరీ. ఈ తోటల అదొక్కటే మంచిగ మొలుస్తది, ఏం జేస్త?”

రైళ్ల సంగతి చెప్పాను. ఆ వెంటనే, అడగకపోయినా, నేను చదివిన పుస్తకాల సంగతీ చెప్పాను. కత్తి ఆపకుండా అంతా విన్నారు. “అబ్బో, ఇన్ని చదివినవా! మరి ఇక్కడికెందుకొచ్చినవ్, మాకు క్లాస్ చెప్తానికా?” అని పకపకా నవ్వారు. నాకు నవ్వు రాలేదు. అది గమనించారో ఏమో, తన సంగతి చెప్పారు. ఒకరోజు డ్యూటీకి బయలుదేరుతూ యూనిఫాం బొత్తాలు పెట్టుకోలేక మంచం మీద కూలబడ్డారట. నెలల తరబడి లేవలేదట. “ఈ వంటగదే నన్ను నిలబెట్టింది. ఏడాదికి మూడు సార్లొస్త. ఇంతమందికి వండుతుంటే తలల మోత ఆగుతది. ఇది లేకుంటే నేను మళ్ల మంచంల పడ్డట్టే.”

మర్నాడు భోజనాల తర్వాత రహస్యంగా నోటు పుస్తకంలో రాశాను: ‘వంటగదిలో ఒకావిడ ఉంది. మంచిదే గానీ ధ్యానం అంటే ఏమిటో తెలియదు. ఆమెకు గరిటె తిప్పడమే ధ్యానం. నాలుగు పుస్తకాలు చదివి ఉంటే ఎంతో ఎదిగేది.’ ఆ వాక్యాలు ఇవాళ్టికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

నాలుగో రోజు నడుము నొప్పి భరించలేక వంటగది వెనక మెట్ల మీద కూర్చుని ఏడుస్తున్నాను. ఆంటీ వేడినీళ్ల కప్పు తెచ్చి పక్కన పెట్టి, క్యారెట్లు చెక్కుతూ కూర్చున్నారు. సేవకులు అవసరమైతే ఒకటి రెండు మాటలు అనవచ్చు. “నడుమా, మనసా?” అని అడిగారు మెల్లగా. నొప్పి గురించి పుస్తకాల్లో ఉన్నదంతా గుసగుసగా వివరించాను. “అది పుస్తకం చెప్పింది. నేను నిన్ను అడిగిన,” అన్నారు. వేడినీళ్లు ఒక గుక్క తాగి “తెలియదు ఆంటీ,” అన్నాను. “ఆఁ, ఇప్పుడు సరిగ్గ చెప్పినవ్.” నా చేతిలో ఒక క్యారెట్ పెట్టి లేచి వెళ్ళిపోయారు. ఎన్నో నెలలుగా చెవిలో మోగుతున్న ఫోన్లు ఆ మధ్యాహ్నం కాసేపు ఆగాయి. ఆ ఘనత కూడా నోటు పుస్తకంలో ఏదో ఒక గ్రంథానికి కట్టబెట్టాను.

గదిలో తోటి అమ్మాయి చూస్తుందన్న భయంతో, పుస్తకాన్ని వంటసామాన్ల గదిలో పప్పు డబ్బాల వెనక పెట్టడం మొదలుపెట్టాను. ఆరో రోజు ఉదయం నేను వేడినీళ్లు పట్టుకుంటున్నప్పుడు శిబిరం నిర్వాహకురాలు హెలెన్ దాన్ని పట్టుకుని వంటగదిలోకి వచ్చింది. లోపలంతా తెలుగు అక్షరాలు. అక్కడ తెలుగువాళ్ళం ఇద్దరమే ఉన్నాం.

“ఇది మీ భాషే కదా, యశోదా? ఎవరిది?” అని ఇంగ్లీషులో అడిగింది.

ఆంటీ చేతులు తుడుచుకుని పుస్తకం అందుకున్నారు. తెరిచిన పేజీని చదివారు. ఆమె పెదవులు మెల్లగా కదలడం చూసి, ఏ పేజీయో నాకు అర్థమైంది. తర్వాత నా వైపు చూశారు. నేను తల దించుకున్నాను. చూపులు కలపకూడదన్న నియమాన్ని ఆ శిబిరంలో నేను అంత శ్రద్ధగా పాటించింది ఆ ఒక్కసారే.

“నాదే,” అన్నారు ఆంటీ.

హెలెన్ కోప్పడలేదు. బాధగానే చెప్పింది. నియమాలను కాపాడాల్సిన సేవకులే తప్పితే ఎలా అంది. ఇక మీదట సేవకు రావద్దంది. నేను వేడినీళ్ల కప్పు పట్టుకుని, నాలుగడుగుల దూరంలో నిలబడే ఉన్నాను. నోరు తెరవలేదు. ఏడో రోజు పొద్దున్నే ఆంటీ చిన్న సంచీతో కారెక్కి వెళ్ళిపోవడం కిటికీలోంచి చూశాను.

శిబిరం పూర్తిచేశాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, నాకు నయమైంది. నిద్ర పట్టింది, రైలు ఎక్కగలిగాను. ఆఫీసులో అందరినీ కూర్చోబెట్టి ఒత్తిడి నుంచి ఎలా కోలుకోవాలో మాట్లాడాను. చప్పట్లు కొట్టారు. హెలెన్‌కు ఒక ఉత్తరం రాయడానికి మాత్రం ఎనిమిది నెలలు తీరిక దొరకలేదు.

చివరికి చిరునామా కనుక్కుని ఒక శనివారం హారిసన్‌లో ఆంటీ ఇంటికి వెళ్ళాను. ముందుగది నిండా అట్టపెట్టెలు. దేశానికి ఉత్తర కొసన డార్విన్‌లో ఉన్న కూతురు అక్కడికే తీసుకుపోతోందట. ఆంటీ బాగా చిక్కిపోయారు. నన్ను చూసి, “తిన్నవా?” అన్నారు.

“ఆ పుస్తకం నాదని మీకు తెలుసు కదా ఆంటీ.”

“తెలవకేం. గరిటె తిప్పేటిదాన్ని, చదవనైతే వస్తది.”

“మరి ఎందుకు చెప్పలేదు?”

“నిన్ను పంపిస్తే మళ్ల ఆ ప్లాట్‌ఫామ్ మీదనే నిలబడుతవని అనుకున్న. సరే, నువ్వెందుకు చెప్పలేదు?”

“మౌనం కదా అని...”

“ఊఁ. మెట్ల మీద గంటసేపు నాకు పాఠం చెప్పినప్పుడు లేదా మౌనం?” ఒక పెట్టె మూత మూసి అన్నారు: “నేనేం దేవతను కాదు బిడ్డా. కారులో పోయేటప్పుడు మస్తు కోపమొచ్చింది. నువ్వు ఇయ్యాలో రేపో చెప్తవనుకున్న. హెలెన్ పిలుస్తదేమోనని రోజూ ఫోన్ చూసుకున్న. ఈ చలికాలమంతా మంచంలనే ఉన్న.”

ఆమె ఎదుటే హెలెన్‌కు ఫోన్ చేసి అంతా చెప్పాను. హెలెన్ ఫోన్ ఆంటీకి ఇమ్మంది. మళ్ళీ సేవకు ఎప్పుడైనా రావచ్చని ఆమెతో చెప్పింది. ఆంటీ థాంక్యూ అన్నారు. ఫోన్ పెట్టేసి పెట్టెల వైపు చూశారు. “డార్విన్ నుంచి ఇంత దూరం ఎట్లొస్త? మోకాళ్లు కూడా పోయినయ్.” మళ్ళీ ఆ వంటగదికి ఆమె వెళ్ళలేదు.

ఎనిమిది నెలల ముందు చేసి ఉంటే ఆ ఫోన్ ఆమెను నిలబెట్టేది. అది నిజం కాదని ఏ పుస్తకమూ నాకు చెప్పలేదు, చెప్పినా నమ్మను.

పోయిన నెల నా చేతి మీదుగా ఒక ఖాతాదారుకు తప్పు ఉత్తరం వెళ్ళింది. మీటింగులో మేనేజరు కొత్తగా చేరిన అమ్మాయి వైపు చూశాడు. “అది నేను పంపింది,” అన్నాను. పక్కనున్నతను నా ధైర్యాన్ని మెచ్చుకున్నాడు. ఆ మాట అనే ముందు నేను ఒకసారి తల దించుకున్నానని, టేబుల్ మీది గీతలు లెక్కపెట్టానని అతనికి తెలియదు.