ఆవాల సీసాలో గుళికలు

ఇవాళ మధ్యాహ్నం మా అత్తయ్యగారు పనసపొట్టు కూరకి తాలింపు పెడుతూ, చెంచాలోకి తీసిన ఆవాల్ని నూనెలో వేయబోయి ఆగారు. ఆవిడకి చూపు సరిగ్గా ఆనదు. ముక్కు మాత్రం బాగా పనిచేస్తుంది.

"అల్లుడుగారూ, ఈ ఆవాలు మందు కంపు కొడుతున్నాయేంటండీ?" అన్నారు.

వెళ్లి చూశాను. అవి కొబ్బరిచెట్ల మొవ్వుల్లో పురుగు పట్టకుండా వేసే మందు గుళికలు. విషాన్ని ఆవాల సీసాలో పోసిందెవరని మా ఆవిడ మీద విరుచుకుపడ్డాను.

తను ముందు స్టవ్ కట్టేసింది.

"మీరేనండి. ఆదివారం చర్చికి టైమైపోతోందని, మిగిలిన గుళికలు ఈ ఖాళీ సీసాలో పోసి అరుగు మీద పెట్టేరు. వంటింటి సీసా కదాని అమ్మ లోపలికి తెచ్చేసింది."

నేను బళ్లో సైన్సు మాస్టారిని. విషపదార్థాల పాఠం పిల్లలచేత వల్లె వేయించేది నేనే.

సాయంత్రం కొత్త సీసా కొని, పెద్ద అక్షరాలతో 'ఆవాలు' అని రాసి అంటించాను. మీ ఇళ్లలోనూ నాలాంటి మేధావి ఉంటే, ఒకసారి లేచి అలమర చూసుకుని నాకూ చెప్పండి. మా అత్తయ్యగారు మాత్రం ఇప్పటికీ ఒక్కో డబ్బా మూత తీసి వాసన చూస్తూనే ఉన్నారు.