గులాబీ కుట్టిన దస్తీ

మా ఆయన పట్నం పోయి నాలుగు రోజులుండి వచ్చారు. ఆర్మూరు నుంచి పోయినప్పుడు రైతుల పసుపు అమ్మిపెట్టే అడ్తిదారు, తిరిగొచ్చినప్పుడు నవాబు. మెడ దాకా గుండీలున్న నల్ల షేర్వాణీ, రూమీ టోపీ, అంచుకు బంగారు గీత ఉన్న చాయ్ కప్పులు, అత్తరు సీసా, వెనకాల బండిలో నాలుగు కుర్చీలు. అక్కడెవరో పెద్దమనిషి దివాన్‌ఖానాలో ఒక పూట కూర్చున్నారట. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు మా ముందు గది కూడా దివాన్‌ఖానా అయిపోయింది. కుర్చీలకు తెల్లటి గలీబులు తొడిగించారు. పసుపు దినాల్లో మా ఊళ్ళో వీధి కుక్కలు కూడా పచ్చగానే తిరుగుతాయి. గలీబులు పొద్దెక్కేలోపే పచ్చబడేవి. వాటిని ఉతికే బేగం సాహెబాను నేను.

నవ్వుతున్నాను గానీ, అప్పుడు లోలోపల మురిసిపోయాను. భీమ్‌గల్‌లో మా పుట్టింటివాళ్ళు చూసి కుళ్ళుకోవాలని నా ఆశ. "పట్నంల పెద్దమనుషులు భుజం మీద కండువా ఎయ్యరే" అని ఆయన అనగానే, ఇంట్లో ఉన్న కండువాలన్నీ చింపి కుర్చీలు తుడిచే గుడ్డలు చేసింది నేనే. బదులుగా జేబులో పెట్టుకోవడానికి ఒక పట్టు దస్తీ మీద ఎర్ర గులాబీ కుట్టిచ్చాను. పది రోజులు కుట్టాను. గులాబీ పెద్దదే, దస్తీయే అరచేయంత.

పసుపు బజారులో ధర నోటితో చెప్పరు. అడ్తిదారు తన చేతిమీద కండువా కప్పుతాడు. ఖరీదుదారు ఆ గుడ్డ కిందకు చేయి పోనిచ్చి, వేళ్ళు నొక్కి తన ధర చెప్తాడు. ఒకరి ధర ఇంకొకరికి తెలియదు కాబట్టి ప్రతివాడూ పోటీకి భయపడి పెంచుతాడు. రైతు ఏడాది కష్టమంతా ఆ గుడ్డ చాటునే ఉంటుంది. తాతల నాటి నుంచి అదే వ్యాపారం చేస్తున్న మనిషికి ఆ సంగతి గుర్తు రాలేదు. షేర్వాణీ గుండీలు బిగిస్తే తెలివికి గాలాడదేమో.

అంగడి రోజు అంకాపూర్ నుంచి ఒక ముసలి రైతు రెండు కిరాయి బండ్లతో వచ్చాడు. మా మామగారి కాలం నుంచి ఆయన పసుపు మా వాకిట్లో తప్ప ఇంకెక్కడా దించలేదు.

"జర మంచి ధర తేవాలె సావుకారి. ఒక ఎద్దు సచ్చిపోయింది. గీ పసుపు అమ్మితేనే మల్ల ఎద్దు. లేకుంటే దున్నుడు బంద్" అన్నాడు.

"ఫికర్ చెయ్యకు" అన్నారు మా నవాబుగారు, అత్తరు గుప్పుమంటుండగా.

నేను తలుపు చాటు నుంచి చూస్తున్నాను. మొదటి ఖరీదుదారు చేయి చాపాడు. మా ఆయన చేయి అలవాటుగా భుజం మీదికి పోయింది. అక్కడ ఏమీ లేదు. కాసేపు తడుముకుని జేబులోంచి దస్తీ తీసి కప్పారు. రెండు వేళ్ళు దాగాయి, మిగిలినవన్నీ గులాబీ చుట్టూ బయటే ఉన్నాయి. నొక్కిన ధర అంగడంతా చూసింది. రెండోవాడు దానికి ఒక్క పిసరు పెంచి ఊరుకున్నాడు. మూడోవాడు చేయే చాపలేదు.

"పువ్వు మస్తుగున్నది సావుకారి, ఎవరు కుట్టిండ్రు?" అన్నాడు. అందరూ నవ్వారు. నేను తలుపు వెనక్కి జరిగాను.

ముసలాయన నవ్వలేదు. మెల్లగా తలపాగా విప్పాడు. అంత వయసు మనిషి నలుగురిలో వట్టి తలతో నిలబడి, ఆ గుడ్డను రెండు చేతులా పట్టుకున్నాడు.

"గిది కప్పుండ్రి. పెద్దగున్నది."

అది చెమటతో, పసుపుతో మాసి ఉంది. మా ఆయన దాన్ని చూశారు, తన షేర్వాణీ చేతిని చూసుకున్నారు, చేయి వెనక్కి తీసుకున్నారు. లోపలికి తిరిగి, "ఒక కండువా పంపు" అని కేకేశారు. నేనేం పంపను? నా చేతిలో కుర్చీలు తుడిచే పేలిక ఉంది. నా కొంగైనా చింపి ఇవ్వాల్సింది. పరువు అడ్డొచ్చింది.

ముసలాయన తలపాగా మళ్ళీ చుట్టుకున్నాడు. "మీ నాయిన గిదే పాగ ఎన్నోసార్లు కప్పిండు సావుకారి" అని మాత్రం అన్నాడు. బండ్లు మళ్ళించి ఎదురు అడ్తి దుకాణానికి తోలుకుపోయాడు.

అక్కడ ఒక మాసిన కండువా కింద చేతులు ఒకదాని తర్వాత ఒకటి దూరాయి. కాసేపట్లో బేరం తెగింది. మా ఆయన గడప దగ్గరికి వచ్చి, చిన్నగా అడిగారు:

"ఎంతకు పోయిందంటవ్?"

నాకేం తెలుస్తుంది? వాళ్ళ గుడ్డ పెద్దది. ఆ ముసలాయన ఎద్దును కొన్నాడో లేదో కూడా మాకు తెలియలేదు. ఆయన మళ్ళీ మా వాకిట్లో బండి ఆపలేదు.