ఆగిన బస్సుకు ఇంజనెందుకు

ఆ టీచరమ్మ పేరు నేను అడగనేలేదు. మర్రిగూడ బస్టాండ్‌లో డ్రైవర్ ఇంజన్ ఆపకుండానే చాయ్ తాగుతున్నాడు. పొగంతా బస్సులోకే వస్తోంది. ముందు సీట్లో ఆమె, వెంట ప్రైమరీ బడి పిల్లలు. ఒక పిల్ల ఆమెతో అంది: "మేడమ్, గీ పొగలతోనే ఎండలు ముదురుతున్నయని చెప్పిన్రు గద. డ్రైవర్‌కు చెప్పుండ్రి."

"చూసింది నువ్వు. నువ్వే చెప్పు బిడ్డా."

పిల్ల డ్రైవర్ వైపు చూసి సీట్లోనే ముడుచుకుంది. ఆరో తరగతిలోనే బడికి దండం పెట్టిన నాకు జాలేసింది. "నేను చెప్పనా మేడమ్? నా గొంతు మైకు లెక్క ఉంటది" అన్నాను. ఆమె నవ్వి, వద్దన్నట్టు చేయి అడ్డం పెట్టింది.

చివరికి పిల్లే లేచి వెళ్లింది. "మామా, ఆగిన బస్సుకు ఇంజనెందుకు? బంద్ చెయ్యరాదె."

"బ్యాటరీ వీకున్నది. మళ్ల స్టార్ట్ కాకుంటె నువ్వు నూకుతవా?"

"నూకుత."

డ్రైవర్ నవ్వుతూ ఇంజన్ ఆపాడు. చాయ్ అయ్యాక, అన్నట్టే మళ్లీ స్టార్ట్ కాలేదు. మేం గొణుక్కుంటూ దిగేసరికే టీచరమ్మ బస్సు వెనక చేయి ఆనించి నిలబడి ఉంది. అలాంటి టీచరు దొరికుంటే నేనింకో రెండు తరగతులు ఓపిక పట్టేవాణ్ని.

అందరం నూకితే బస్సు గుర్రుమంది. "ఇగ సంతోషమా బిడ్డా?" అన్నాడు డ్రైవర్.

"మల్లేపల్లిల ఆగినప్పుడు గూడ బంద్ చెయ్యాలె మామా."

మేమంతా నెత్తి కొట్టుకున్నాం. టీచరమ్మ మాత్రం కొంగు నడుముకు దోపుకుంది.