కొప్పులమ్మకు కోక

మొన్న మా అమ్మాయి ఓ లావుపాటి బొమ్మల పుస్తకం తెచ్చి నా ఒళ్లో పెట్టింది. ఒక పెద్ద మ్యూజియం వాళ్లు తమ దగ్గరున్నవన్నీ ఫోటోలు తీయించి అచ్చేసిన పుస్తకం. రాతి గొడ్డళ్లు మొదలుకొని నిన్నమొన్నటి రంగుల బొమ్మల దాకా మన దేశపు కళంతా అందులో వరసగా ఉంది. పేజీలు తిప్పుతూ నడుమ ఓ చోట ఆగిపోయాను. "బుద్ధుడు, ధ్యానముద్ర, వంశధార తీరం" అని కింద రాసి ఉంది. వాళ్లకు బుద్ధుడే కావచ్చు. మాకు మాత్రం కొప్పులమ్మ.

అరవైల చివరి మాట. నేను కాపురానికి వెళ్లిన ఊరు శ్రీముఖలింగానికి దిగువన, ఏటి ఒడ్డున ఉండేది. చోడి చేల గట్టు మీద, ఒళ్లు సగం మట్టిలో కూరుకుపోయి ఆ విగ్రహం కూర్చుని ఉండేది. తల మీద ముడి, భుజాల దాకా సాగిన చెవులు. కొప్పూ, కమ్మల బరువుకు సాగినట్టున్న చెవులూ ఉంటే ఆడమనిషి కాక మరెవరవుతారు? అందుకే ఏ తాతల నాడో పసుపు రాసి, కోక కట్టి, పురుళ్లు గట్టెక్కించే తల్లిని చేసేశారు. శుక్రవారం శుక్రవారం మా అత్త వెళ్లి నూనె రాసేది. రాస్తూ రాస్తూ ఇంటి సంగతులన్నీ చెప్పుకునేది, నా వంట మీద ఫిర్యాదులతో సహా. చారులో ఉప్పెక్కువైన సంగతి ఊళ్లో అందరికన్నా ముందు కొప్పులమ్మకే తెలిసేది.

నాకు మొదటి ఇద్దరూ పురిట్లోనే పోయారు. మూడోసారి నెల తప్పగానే అత్త మొక్కుకుంది: బిడ్డ దక్కితే ఏడాది నిండేలోగా తీసుకొచ్చి అమ్మ ముందు పడుకోబెడతాననీ, కొత్త కోక కడతాననీ. నాకు ఏడో నెలలో మ్యూజియం ఆఫీసరు ఒకాయన జీపులో వచ్చాడు. చుట్టూ తవ్వించి, కట్టిన కోక కదపకుండానే మొహం తుడిచి చూసి, ఇది బుద్ధుడు, ఇక్కడ ఎండకీ వానకీ పాడవుతుంది, పట్నం తీసుకుపోతాం అన్నాడు.

"కొప్పున్నాది గదా బాబూ," అంది అత్త.

"అది జ్ఞానానికి గుర్తమ్మా."

"అదీ మా ఊళ్లో ఆడోళ్లకే ఉంటాది."

ఆఫీసరు నవ్వాడు గాని, ఊరి పెద్దలు సరేననడంతో విగ్రహం వెళ్లిపోయింది. రెండు నెలలకు అమ్మాయి పుట్టింది, దక్కింది. అయినా అత్త నిమ్మళంగా లేదు. పిల్ల తుమ్మినా, పాలు కక్కినా తీరని మొక్కే కారణమనేది. పదకొండో నెల రాగానే ఇక ఆగలేక కోక ఒకటి కొని సంచిలో పెట్టింది. పిల్లను చంకనేసుకుని నేనూ, సంచితో ఆవిడా ఆమదాలవలసలో రైలెక్కాం.

మ్యూజియంలో ఆ ఆఫీసరే ఎదురయ్యాడు. మమ్మల్ని గుర్తుపట్టి, వరసగా చూస్తేనే అర్థమవుతుందని మొదటి గది నుంచీ తిప్పాడు. ఆయన శతాబ్దాలు చెప్పేవాడు, అత్త ఊళ్లు అడిగేది. "ఈ తల్లిది ఏ ఊరు బాబూ?" కొన్నింటికి చెప్పాడు, చాలా వాటికి తెలీదన్నాడు. తెలీదన్న చోటల్లా అత్త మరికాసేపు నిలబడేది. "ఈళ్ల కోసం ఎవులైనా వస్తారేటి?" అని అడిగేది, ఆస్పత్రిలో పక్క మంచం రోగిని పలకరించినట్టు. నేనేమో సిగ్గుతో చచ్చేదాన్ని.

ఎన్నో గదిలోనో మా విగ్రహం కనబడింది. పసుపూ, నూనె జిడ్డూ పోయి, రాయి తేటగా ఉంది. వెడల్పాటి భుజాలు, బయటపడ్డ ఛాతీ. నాకైతే ఎంత అందంగా ఉన్నాడో అనిపించింది. అత్త చేతిలో కోక అలాగే ఉండిపోయింది.

"ఒసే, మగోడేనే," అంది నాతో నెమ్మదిగా. "మగోడికి కోకెలా కడతాం? కట్టకపోతే మొక్కెలా తీరతాది?"

నన్నెన్ని మాటలన్నా, ఈ పిల్ల కోసం ఆవిడ నాకంటే ఎక్కువ భయపడిందని అప్పుడు తెలిసింది. విగ్రహాలను ముట్టుకోకూడదమ్మా అని ఆఫీసరు మర్యాదగానే చెప్పాడు. అత్త తలూపి, ఆ మొహంలోకి చాలాసేపు చూసింది. తర్వాత కోక విప్పి, విగ్రహం ముందు నేల మీద పరిచి, పిల్లను దాని మీద పడుకోబెట్టింది.

"నీ కోక మీదే ఎట్టినాను. నువ్వెవులవైనా సరే, దీన్ని సల్లగా సూడు."

ఆఫీసరు కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. అత్త పిల్లను నాకిచ్చి, కోక మడిచి ఆయన చేతుల్లో పెట్టింది. "మీ ఇంటిదానికి ఇయ్యండి బాబూ. ఇప్పుడీ తల్లిని సూసేది మీరే గదా." ఆయన కాదనలేదు.

వచ్చేస్తూ, విగ్రహం కింది చీటీ చదవమంది. చదివాను. "కొప్పులమ్మని రాయలేదేటి?" అంది. తర్వాత రాస్తారులే అత్తా, అన్నాను. బతికున్నన్నాళ్లూ రాశారనే నమ్మింది. శతాబ్దాలన్నీ లెక్కకట్టి పెట్టిన ఆ గదుల్లో, అత్త నిలబడిన ఆ కాసేపు మాత్రం ఏ చీటీ మీదా లేదు. మా అమ్మాయి అక్కడే ఉంది గాని, దానికేం గుర్తుంటుంది? గుర్తున్నదాన్ని నేనొక్కదాన్నే, నాకేమో ఎనభై వస్తున్నాయి.